ఐదో నెల పాప, అడిగినప్పుడల్లా పాలు, వచ్చే నెల ఆఫీసు: నిద్ర సంగతి ఎలా?

చిట్టిగువ్వ_అమ్మ · హైదరాబాద్
అందరికీ నమస్తే. మా పాపకి ఐదో నెల నడుస్తోంది. పుట్టినప్పటి నుంచీ నా పాలే. టైము చూసుకుని కాదు, ఎప్పుడు అడిగితే అప్పుడే ఇస్తున్నాను. పగలు రెండు గంటలకోసారి తాగుతుంది, సాయంత్రం ఆరు దాటితే గంటకోసారి. రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తుంది. బరువు బాగా పెరుగుతోందని, ఏ ఇబ్బందీ లేదని డాక్టరుగారు అన్నారు.

ఇబ్బందల్లా నాకే. బీపీ ఎక్కువగా ఉండి డెలివరీకి కొన్ని వారాల ముందే సెలవు పెట్టాల్సి వచ్చింది. దాంతో పాపకి ఆరు నెలలు నిండకుండానే నా 26 వారాలూ అయిపోతున్నాయి. నాది టెస్టింగ్ ఉద్యోగం, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా షిఫ్టు. వారానికి మూడు రోజులు గచ్చిబౌలి వెళ్లాలి. తిరిగి ఉప్పల్‌లో ఇంటికి చేరేసరికి పది దాటుతుంది.

సీసా నోట్లో పెడితే నాలుకతో తోసేస్తోంది. మా అత్తగారు "రాత్రి ఒక్కసారి డబ్బా పాలు పట్టు, తెల్లారేదాకా అది పడుకుంటుంది, నువ్వూ పడుకుంటావు" అంటున్నారు. నా మొహం చూడలేకే అంటున్నారు, నాకు తెలుసు. మా అమ్మేమో ఇప్పుడు డబ్బా మొదలుపెడితే పాలు తగ్గిపోతాయి అంటోంది. మా ఆయన ఇద్దరి మాటా వింటారు. నాకు మాత్రం నా పాలతోనే లాగించాలని ఉంది. కానీ ఇంత నిద్రలేమితో లాప్‌టాప్ ముందు కూర్చుని తప్పులు పట్టుకోగలనా అని భయం. ఉద్యోగం చేస్తూ అడిగినప్పుడల్లా పాలిచ్చినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.

కాకినాడ_సిస్టర్ · పిల్లల వార్డు
అమ్మా, ముందుగా మీ పాప మామూలుగానే ఉంది. ఐదో నెలలో రాత్రి మూడుసార్లు లేవడం రోగమూ కాదు, మీ పాలు చాలవనడానికి గుర్తూ కాదు. రోజుకి ఆరు అంతకంటే ఎక్కువసార్లు ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతున్న పిల్లకి పాలు చాలుతున్నట్టే. నాలుగో నెల దాటాక నిద్ర తీరు మారుతుంది, ప్రతి లేవడమూ ఆకలికే అనుకోనక్కర్లేదు. అందుకే డబ్బా పాలు పట్టినా తెల్లవార్లూ పడుకుంటుందన్న భరోసా లేదు. మా వార్డులో డబ్బా పాల పిల్లలు రాత్రి లేచి ఏడవడం రోజూ చూస్తాను.

రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు ఊరతాయి, నిండి అలాగే ఉండిపోతే ఊరడం తగ్గుతుంది. పైగా పాలు ఊరడానికి కావలసిన ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. రోజుకి పదకొండు గంటలు దూరంగా ఉండబోయే తల్లికి రాత్రి పాలే ఆధారం, వాటిని తీసేస్తే కష్టం.

మీరు ఆఫీసులో ఉన్నప్పుడు పాపకి పట్టడానికి ఎన్ని పాలు తీసి దాచాలా అని కంగారు పడకండి. నెల నిండిన పిల్ల నుంచి ఆరు నెలల పిల్ల దాకా తల్లిపాలు తాగేవాళ్లు రోజు మొత్తంలో సగటున 750 నుంచి 800 మి.లీ. తాగుతారు. అంటే మీరు లేని ప్రతి గంటకీ 30-40 మి.లీ. లెక్క. పదకొండు గంటలకి 330 నుంచి 440 ఉంటే చాలు. అది కూడా ఒకేసారి పెద్ద సీసాడు కాదు, 60-90 చొప్పున. ఫ్రీజరు నింపేయాలని ఇప్పటినుంచి ఒళ్లు హూనం చేసుకోవద్దు. మొదటి రోజుకి సరిపడా, పైన ఒక రోజుకి ఉంటే బండి నడుస్తుంది. ఆఫీసులో తీసినవి మర్నాటికి.

దాచడం: గది 25 డిగ్రీల లోపు ఉంటే నాలుగు గంటలు. మన ఎండల్లో గది ఎక్కడ 25 ఉంటుంది, తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపులో కాదు, లోపల వెనక వైపు. అక్కడ నాలుగు రోజులు, డీప్ ఫ్రీజరులో ఆరు నెలలు ఉంటాయి. గడ్డకట్టినవి కరిగాక ఫ్రిజ్‌లోనే ఉంచి ఒక రోజులోపు వాడేయాలి. మళ్లీ ఫ్రీజ్ చేయకూడదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి వేడెక్కించండి, మైక్రోవేవ్ వద్దు. పైన మీగడ తేలితే చెడిపోయినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పాప తాగగా మిగిలినవి రెండు గంటల్లో వాడకపోతే పారబోయాల్సిందే.

మూడో_షిఫ్ట్_నాన్న · విశాఖపట్నం
తల్లులు మాట్లాడుకునే చోట నేను రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. బాబు పుట్టాక మా ఇంట్లో ఒక్క పద్ధతి పెట్టుకున్నాం. పాలు ఆవిడవి, పాలు తప్ప మిగతావన్నీ నావి. డైపరు, త్రేన్పు, స్నానం, పాలు తీసే పంపు భాగాలు కడిగి మరిగించడం, మళ్లీ నిద్రపుచ్చడం అన్నీ. రాత్రి బాబు కదిలితే నేనే ఎత్తి పక్కలో పెట్టేవాణ్ని. ఆవిడ కళ్లు పూర్తిగా తెరవకుండానే పాలిచ్చేది, అయ్యాక మళ్లీ నేనే తీసుకునేవాణ్ని. లైటు వేసేవాళ్లం కాదు, ఫోను ముట్టుకునేవాళ్లం కాదు.

మీ ఆయన ఇద్దరి మాటా వింటారన్నారు. వినడం మంచిదే. కానీ ఇద్దరి మాటల మధ్యా మిమ్మల్ని నిలబెట్టకుండా ఆయనే ఒక పని అందుకోవాలి. మీ షిఫ్టు పన్నెండింటికి కదా. తెల్లవారి ఆరింటికి పాలిచ్చి పాపని ఆయన చేతికిచ్చి మీరు ఎనిమిదిన్నర దాకా పడుకోండి. ఆ టైములో వంటింట్లోకి వెళ్లొద్దు. టిఫిను ఎవరు చేస్తారన్నది ఆయన, మీ అత్తగారు చూసుకుంటారు. రెండున్నర గంటలు ఏకధాటిగా పడుకుంటే మనిషి మనిషిలా ఉంటుంది, ఇది నేను మా ఆవిడలో చూశాను.

రాజోలు_అమ్మమ్మ · కోనసీమ
ఏవమ్మా చిట్టితల్లీ, సీసా పట్టకపోతే పోనీ. మనకి ఉగ్గుగిన్నె లేదూ? నా మనవలిద్దరికీ మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్లాక ఉగ్గుగిన్నెతోనే పట్టాను. వెండిదే ఉండక్కర్లేదు, స్టీలుది చాలు, రోజూ మరిగించుకోవాలి. పిల్లని ఒళ్లో పడుకోబెట్టి పోసేయకూడదు. వీపు, మెడ ఆనించి నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె మూతి కింది పెదవి మీద ఆనించి ఊరుకోవాలి. పాలు పెదవికి తగిలితే అదే నాలుక చాపి అందుకుంటుంది. అది మింగాకే మళ్లీ వంచాలి. మొదటి రోజు సగం మెడ కిందకే కారిపోతాయి, గుడ్డ కట్టుకోండి. కంగారు పడితే కుదరదు. మీరే పట్టబోతే అస్సలు పట్టదు, మీ వాసన తగిలితే అసలుదే కావాలంటుంది. మీ అత్తగారికి అప్పజెప్పి మీరు వీధి చివరిదాకా వెళ్లి రండి.

తెలగపిండి, మునగాకు కలిపి వండుకు తిను. పాలసొర దొరికితే పుట్టు చేయించుకో. వెల్లుల్లి వేయించుకుని అన్నంలో మొదటి ముద్ద తిను. నీళ్లు తాగితే బాలింతకి చేటని ఇంకా ఎవరైనా అంటుంటే వినకు, దాహమైనంతా తాగు. ఆడపిల్లకి బేసి నెలలో కదా అన్నప్రాశన, ఐదులో తొందరపడక ఏడులో పెట్టుకోండి.

కాకినాడ_సిస్టర్ · పిల్లల వార్డు
అమ్మమ్మగారు చెప్పిన కూర్చోబెట్టే పద్ధతే మేమూ ఆసుపత్రిలో నేర్పుతాం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి కూడా అలాగే పడతాం. ఏడో నెలలో అన్నప్రాశన అన్నదీ సరిగ్గా సరిపోతుంది, ఆరు నెలలు నిండాకే పై ఆహారం. తెలగపిండి, మునగాకు బలమైన తిండి, తప్పకుండా తినండి. కానీ పాలు పెరిగేది ప్రధానంగా పాప చప్పరించడం వల్ల, మీరు తీయడం వల్ల. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలూ పాలిచ్చే తల్లికి రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే పథ్యం పేరుతో చారు అన్నంతో సరిపెట్టుకునే కాలం కాదిది. ఐరన్, కాల్షియం బిళ్లలు ఆరు నెలలూ ఆపకండి. చాలామంది డెలివరీ అవగానే మానేస్తారు, సగం నీరసం అక్కడిదే.

బడిపంతులమ్మ · కరీంనగర్
అక్కా, నేను సర్కారు బడి టీచర్ని. మాకు 180 రోజుల సెలవు ఉండె, అది అయినంక బడికి పోవుడు మొదలువెట్టిన. మా బాబు పొద్దంతా మా అమ్మ దగ్గర కొంచెమే తాగి, నేను ఇంటికి రాంగనే పట్టుకుంటే రాత్రంతా విడవకపోతుండె. ఏమైందో అని భయపడ్డ. తర్వాత డాక్టరమ్మ చెప్పింది, తల్లి పగలు లేకపోతే పిల్లలు లెక్కంతా రాత్రికి జరుపుకుంటరట. నీ పాప కూడా గట్లనే చేస్తది, ముందే తెలిసుంటే భయం ఉండదు.

దానికి నేను చేసింది ఒక్కటే, ఒరిగి పండుకొని పాలిచ్చుడు నేర్చుకున్న. పక్కకు తిరిగి, బాబును నాకెదురుగ పండబెట్టి, వాడి ముక్కు నా చనుమొన ఎదురుంగ వచ్చేటట్టు, వాడి వీపు వెనక నా చెయ్యి. మొదట్ల కుదరదు, పగటిపూట చెయ్యి. కుదిరినంక రాత్రి కూసోని మెడలు నొయ్యగొట్టుకునుడు పోయింది.

రాజోలు_అమ్మమ్మ · కోనసీమ
పడుకుని ఇస్తే చెవిలోకి పాలు పోతాయమ్మా. మా రోజుల్లో అర్ధరాత్రయినా లేచి కూర్చునే ఇచ్చేవాళ్లం.

కాకినాడ_సిస్టర్ · పిల్లల వార్డు
అమ్మమ్మగారూ, మీ భయం అర్థమైంది. వెల్లకిలా పడుకోబెట్టి సీసాతో పోసినప్పుడు ఆ ఇబ్బంది వస్తుంది. తల్లి దగ్గర పక్కకి తిరిగి తాగే పిల్లకి రాదు. నేను భయపడేది వేరే దానికి. కూర్చుని ఇస్తూ ఇస్తూ సోఫాలోనో కుర్చీలోనో నిద్రపోవడం చాలా ప్రమాదం, పిల్ల జారి ఇరుక్కుంటుంది. నిద్ర ముంచుకొస్తున్న తల్లికి మంచమే నయం. పరుపు గట్టిగా ఉండాలి, పాప దగ్గర దిండ్లు, బొంతలు ఉండకూడదు, గోడకీ మంచానికీ మధ్య సందు ఉండకూడదు. పాలయ్యాక పాపని వెల్లకిలా పడుకోబెట్టి, అదే గదిలో విడిగా పక్క వేయడం అన్నిటికంటే మంచిది. ఇంట్లో ఎవరైనా సిగరెట్టు, మందు తాగేవాళ్లుంటే వాళ్ల పక్కన పిల్లని అస్సలు పడుకోబెట్టకండి.

నిద్ర_కావాలి · బెంగళూరు
నా అనుభవం వేరు, అదీ చెప్పాలి. మా వాడు ఆరో నెలలో రాత్రి ఐదుసార్లు లేచేవాడు. నేను కారు నడుపుతూ సిగ్నల్ దగ్గర కునుకు తీశాను. అప్పుడు నిర్ణయం తీసుకున్నాను. రోజూ ఒకే వేళకి స్నానం, పాలు, జోల, పక్క. పాలు తాగుతూ నిద్రపోకుండా కొంచెం మెలకువ ఉండగానే పక్కలో వేయడం. మొదటి లేవడానికి మా ఆయన జోకొట్టేవాడు, రెండోదానికి నేను పాలు. ఏడ్చి ఏడ్చి పడుకోనివ్వలేదు, అలా చేయమనీ చెప్పను. కానీ "అడిగినప్పుడల్లా" అన్న మాటని తల్లి కూలిపోయేదాకా లాగకూడదు. డబ్బా పాలు ఒక పూట ఇచ్చిన రోజులూ ఉన్నాయి. డాక్టరుని అడిగే ఇచ్చాను.

బడిపంతులమ్మ · కరీంనగర్
చెల్లె, నువ్వు కారు నడిపినవు గాబట్టి నీది నిజమే. కానీ ఆరు నెలలు నిండని పిల్లకు పాలు తగ్గించుమని మాత్రం నేను చెప్పలేను. స్నానం, జోల, వేళకు పక్క, అవి మంచిగున్నయి, అవి చెయ్యమను.

బీసెంట్‌రోడ్డు_సేల్స్ · విజయవాడ
అందరివీ చదివాను. నాది బట్టల షాపులో ఉద్యోగం, పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది. మాకు పంపులు, ఫ్రిజ్‌లు, గదులు ఏమీ ఉండవు. పాపకి నాలుగో నెలలో చేరాను. పాలు గడ్డకట్టి జాకెట్టు తడిసిపోతుంటే చీరలు మడతపెడుతూ నిలబడేదాన్ని. ట్రయల్ రూములో నిలబడి చేత్తో పిండి బకెట్లో పారబోసేదాన్ని, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. తర్వాత మా అమ్మ మధ్యాహ్నం పాపని ఆటోలో తీసుకొచ్చేది. గోదాం మెట్ల మీద కూర్చుని పాలిచ్చేదాన్ని. ఓనరు ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. మాలాంటి వాళ్లకి ఏదైనా హక్కు ఉందా?

కాకినాడ_సిస్టర్ · పిల్లల వార్డు
ఉందమ్మా. మీరు పారబోసిన పాలు కూడా మీ పాపవే. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం స్థానంలో 2025 నవంబరు నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది, అది పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే షాపులకీ వర్తిస్తుంది. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా, మామూలు విరామం కాక, పాలివ్వడానికి రోజుకి మరో రెండు విరామాలు ఇవ్వాలి. 2017 సవరణతో 26 వారాల జీతంతో సెలవు వచ్చింది, మొదటి ఇద్దరు పిల్లలకి. 50 మంది, ఆపైన ఉన్నచోట క్రెష్ (పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. ఇవన్నీ పాత చట్టంలో ఉన్నవే, కోడ్‌లోనూ అలాగే ఉన్నాయి. ఓనరు కాదంటే కార్మిక శాఖ కార్యాలయంలో కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా వద్దు.

చేత్తో తీసేటప్పుడు ఇది చూడండి, పంపు లేనివాళ్లందరికీ పనికొస్తుంది. చేతులు కడుక్కుని రొమ్ముని వేళ్లతో గుండ్రంగా మెల్లగా నిమరండి. పాప గౌను దగ్గర పెట్టుకుంటే చేపు (పాలు దిగడం) తొందరగా వస్తుంది. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకి మూడు సెంటీమీటర్లు వెనకగా ఆనించాలి. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు, మొనని లాగకూడదు. మొదట చుక్కలే పడతాయి, చేపు వచ్చాక సన్నటి ధారలు. ధార తగ్గితే వేళ్ల చోటు మార్చండి. మూత ఉన్న స్టీలు డబ్బా మరిగించి తీసుకెళ్తే చాలు, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టి ఇంటికి తెచ్చుకోవచ్చు. రొమ్ములో గడ్డ, ఎరుపు, జ్వరం కలిసి వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించండి. పాలివ్వడం మాత్రం ఆపకూడదు.

డల్లాస్_తెలుగమ్మాయి · టెక్సాస్
ఇక్కడ మాకు చట్టప్రకారం దొరికేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. నేను మూడో నెలలోనే ఆఫీసుకి వెళ్లాను. ఒక్క మేలు ఏమిటంటే, 2022 డిసెంబరులో వచ్చిన చట్టం వల్ల బిడ్డకి ఏడాది వచ్చేదాకా పాలు తీసుకునే టైము, బాత్రూము కాని గది ఇచ్చి తీరాలి. మీ ఆఫీసులో అలాంటి గది ఉందో లేదో చిట్టిగువ్వ గారు ముందే కనుక్కోండి, చేరిన రోజు వెతుక్కోవద్దు.

మీ షిఫ్టుకి నేనైతే ఇలా చేస్తాను. ఇంట్లోంచి బయల్దేరే ముందు పాపకి కడుపునిండా పాలు. ఆఫీసులో రెండున్నరకి, ఐదున్నరకి, ఎనిమిదింటికి పంపు. ఆ మూడు వేళలూ క్యాలెండరులో మీటింగులా బ్లాక్ చేయండి, కారణం రాయక్కర్లేదు. రొమ్ముకి ఆనించే పంపు గరాటు సైజు చూసుకోండి. నొప్పి పుడుతోందంటే సైజు సరిపోలేదన్నమాట, పాలూ తక్కువ వస్తాయి. సీసాలో ఎన్ని పడ్డాయో చూసి మనసు పాడుచేసుకోకండి, పాప తీసినన్ని పంపు తీయలేదు. నేను ఒక పూట డబ్బా పాలు కలిపాను, అయినా మా అమ్మాయి రెండేళ్లు నా దగ్గర తాగింది. ఒక పూట కలిపితే అంతా పోయిందని ఎవరూ అనుకోవద్దు.

చిట్టిగువ్వ_అమ్మ · హైదరాబాద్
అందరికీ చేతులెత్తి దండం. విజయవాడ అక్కా, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను, మాట్లాడలేకపోయారు.

ఉగ్గుగిన్నె మా అత్తగారి పెట్టెలోనే ఉంది! మా ఆయన చిన్నప్పటిదట. తీసి తోమి మరిగించి ఆవిడే పట్టారు. మొదట ఉమ్మేసింది. తర్వాత నాలుక చాపి నాకడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆవిడ చేతిలో 60 మి.లీ. తాగుతోంది. డబ్బా పాల మాట ఆవిడే ఎత్తడం మానేశారు, తన చేత్తో పట్టేది తల్లిపాలేనని గర్వంగా పక్కింటావిడకి చెబుతున్నారు. రాత్రి లేవడం అలాగే ఉంది. కానీ పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నా నిద్ర ఖాయమైంది, మా ఆయన పాపని తీసుకుని మేడ మీదకి వెళ్తున్నారు.

ఒకటి అడగాలి. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టని రాత్రులు ఉంటున్నాయి. ఊరికే ఏడుపు వస్తోంది. అలసటేనా?

కాకినాడ_సిస్టర్ · పిల్లల వార్డు
అడిగి మంచి పని చేశారు. అలసట ఉన్నవాళ్లకి తల వాలిస్తే నిద్ర వస్తుంది. అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా ఏడుపు, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకి చెప్పాలి. కాన్పు తర్వాత చాలామంది తల్లులకి వస్తుంది, నయమవుతుంది. పాలిస్తూనే వాడదగ్గ మందులు ఉన్నాయి. పాలిస్తున్నానని వెంటనే చెప్పండి, చాలు. మాట్లాడటానికి 14416 టెలీమానస్ నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా రాయించుకోండి. ఈ వారమే వెళ్లండి, చేరాక టైము దొరకదు.

మూడో_షిఫ్ట్_నాన్న · విశాఖపట్నం
మీ ఆయనని కూడా డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. బయట కుర్చీలో కూర్చోబెట్టకండి, లోపలికి తీసుకెళ్లండి.

చిట్టిగువ్వ_అమ్మ · హైదరాబాద్
శుక్రవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, ఇద్దరం వెళ్తున్నాం. ఆఫీసులో అడిగాను. పాలు తీసుకోవడానికి నాలుగో ఫ్లోరులో గది ఉందట, తాళం సెక్యూరిటీ దగ్గర ఉంటుందట. మొదటి రెండు నెలలు వారానికి ఒక్కరోజే వస్తానని మేనేజరుకి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

డల్లాస్_తెలుగమ్మాయి · టెక్సాస్
ఇంకో మాట. సోమవారం చేరకండి, గురువారం చేరండి. రెండు రోజులు చూసుకుని శని, ఆదివారాల్లో ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ రెండు రోజులూ సీసా, గిన్నె లేకుండా పాపని దగ్గరే ఉంచుకుంటే పాలు మళ్లీ పుంజుకుంటాయి.

చిట్టిగువ్వ_అమ్మ · హైదరాబాద్
ఇది నాకు తట్టనే లేదు. గురువారం చేరతానని ఇప్పుడే మేనేజరుకి మెసేజ్ పెట్టాను.